కాలిన వాసనకు రుజువు అడగకండి: విమానయాన సంస్థల శిక్షణ, ఆపరేషన్స్ విభాగాలకు బహిరంగ లేఖ

ప్రయాణికుల విమానాలు నడిపే సంస్థలలో శిక్షణ, ఆపరేషన్స్ బాధ్యతలు చూస్తున్న పెద్దలకు నమస్కారం.

నేను విమానాలలోని విద్యుత్ వ్యవస్థల మరమ్మతులు చూసే మెయింటెనెన్స్ ఇంజనీరును. గాలిలో పడిన కంగారంతా నా చేతికి వచ్చేసరికి టెక్ లాగ్‌లో (విమానం లోపాలు నమోదు చేసే పుస్తకంలో) ఒక్క వాక్యంగా మిగులుతుంది: "వెనుక గ్యాలీ (వంటగది) దగ్గర వైరు కాలిన వాసన వచ్చింది, కొద్దిసేపటికి తగ్గిపోయింది." ఈ వాక్యంలో మొదటి సగం కంటే రెండో సగమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. రాసినవారు అబద్ధం రాయలేదు, తమ ముక్కుకు తెలిసిందే రాశారు. అయితే వాసన తగ్గడం, నిప్పు ఆరడం ఒకటి కావు. ఆ రెంటినీ ఒకటిగా తీసుకునే అలవాటు మన శిక్షణలోనే ఎక్కడో నాటుకుందని నా అభిప్రాయం. ఈ లేఖ ఆ అలవాటు గురించే.

నా విన్నపం ముందే సూటిగా చెబుతాను. విమానంలో విద్యుత్ సంబంధమైన పొగ గానీ వాసన గానీ వచ్చినప్పుడు, అది ఎక్కడినుంచి వచ్చిందో వెంటనే తెలిసి, ఆరిపోయిందని కంటితో చూసి నిర్ధారించుకుంటే తప్ప, దగ్గరలో ఉన్న అనువైన విమానాశ్రయం వైపు తిరగడమే మొదటి పని కావాలి. మూలం వెతకడం, చెక్‌లిస్ట్ పూర్తి చేయడం ఆ దారిలో జరగాల్సిన పనులు. "ముందు కారణం తెలుసుకుందాం, తర్వాత ఎక్కడ దిగాలో చూద్దాం" అనే వరుసను మీ మాన్యువల్స్ నుంచీ, సిమ్యులేటర్ (విమానం నడపడాన్ని నేలమీదే అనుకరించే యంత్రం) పాఠాల నుంచీ, అన్నిటికంటే ముఖ్యంగా దిగివచ్చిన కెప్టెన్‌ను మీరు అడిగే ప్రశ్నల నుంచీ తీసివేయాలి.

దీనికి మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అది తేలిగ్గా కొట్టిపారేయదగినదీ కాదు. వాసన ఫిర్యాదులలో చాలావాటి వెనుక పెద్ద ప్రమాదమేమీ ఉండదు. ఓవెన్‌లో మరిచిపోయిన ప్లాస్టిక్ మూత, బేరింగ్ అరిగిన ఫ్యాను, ఇంజిన్ ఆయిల్ చుక్క ఏసీ గాలిలో కలిసి మురికి మేజోళ్ల కంపులా రావడం, రెక్కల మీద మంచు కరగడానికి చల్లిన ద్రవం లోపలికి పీల్చుకోవడం, ఇలాంటివే ఎక్కువ. అలాంటి ప్రతి సందర్భంలోనూ విమానం మళ్లిస్తే ఇంధనం, సమయం పోతాయి, ప్రయాణికులు ఎక్కడో చిక్కుకుంటారు. అలవాటులేని రన్‌వే మీద, అనుమతించిన బరువు మించి దిగవలసి రావడం కూడా ఒక ప్రమాదమే. ఇవన్నీ నిజాలు. కానీ ఆ చాలావాటినుంచి మిగిలిన కొద్దివాటిని వేరుచేసే సాధనం గాలిలో ఉన్న సిబ్బంది దగ్గర లేదు. వాసన మొదలైన నిమిషంలో హానిలేని బేరింగూ, క్యాబిన్ పైకప్పు పలకల వెనుక కాలుతున్న వైర్ల కట్టా ఒకేలా ఉంటాయి. తేడా తెలిసే సమయానికి దిగడానికి కావలసిన సమయం అయిపోయి ఉండవచ్చు.

ఆ సమయం ఎంత అన్నదానికి కెనడా రవాణా భద్రతా బోర్డు ఒక లెక్క తీసింది. 1967 నుంచి 1998 వరకు గాలిలో నిప్పంటుకున్న 15 ఘటనలను అది పరిశీలించింది. నిప్పు ఆనవాలు మొదట తెలిసినప్పటినుంచి విమానం కూలడమో, ఏదో ఒక చోట బలవంతంగా దిగడమో జరిగేవరకు పట్టిన కాలం 5 నుంచి 35 నిమిషాలు. పై ఎత్తున వెళ్తున్న జెట్ విమానం ఏ ఆటంకమూ లేకుండా వేగంగా దిగి రన్‌వే తాకడానికే సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆలోచించుకోవడానికి మిగిలేది దాదాపు ఏమీ లేదని తెలుస్తుంది.

1983 జూన్ 2న డల్లాస్ నుంచి టొరంటో వెళ్తున్న ఎయిర్ కెనడా 797 విమానంలో, సాయంత్రం 6 గంటల 51 నిమిషాలకు వెనుక టాయిలెట్ ఫ్లష్ మోటారుకు సంబంధించిన మూడు సర్క్యూట్ బ్రేకర్లు (కరెంటు మితిమీరితే తమంతట తామే సరఫరా ఆపే మీటలు) వరుసగా ట్రిప్ అయ్యాయి. కెప్టెన్ వాటిని మళ్లీ నొక్కి చూశారు, అవి నిలవలేదు. సుమారు ఎనిమిది నిమిషాల తర్వాత మరోసారి నొక్కి చూశారు. ఏడు గంటల ప్రాంతంలో ప్రయాణికుల్లో ఒకరికి వింత వాసన తగిలింది, టాయిలెట్ తలుపు తీస్తే పొగ కనిపించింది, క్యాబిన్ సిబ్బంది లోపలికి అగ్నిమాపక ద్రవ్యం కొట్టారు. మంట మాత్రం కనిపించలేదు, ఎందుకంటే అది గోడ పలకల వెనుక ఉంది. తర్వాత ఏం జరిగిందన్నదే నేను మీ ముందు ఉంచదలచినది: పొగ తగ్గుముఖం పట్టిందని కాక్‌పిట్‌కు కబురు వెళ్లింది. ఆ మాట విన్నవారు అత్యవసరంగా దిగాలన్న ఆలోచనను కాసేపు పక్కన పెట్టారు. కొద్ది నిమిషాల్లో పొగ మళ్లీ లేచింది, విద్యుత్ సరఫరా దెబ్బతినడం మొదలైంది, 7 గంటల 8 నిమిషాలకు ప్రాణాపాయంలో ఉన్నామని తెలిపే మేడే పిలుపు వెళ్లింది, 7 గంటల 20 నిమిషాలకు సిన్సినాటీ విమానాశ్రయంలో దిగారు. విమానం ఆగాక తలుపులు తెరిచిన నిమిషం, నిమిషంన్నర లోపే క్యాబిన్ అంతా ఒక్కసారిగా అంటుకుంది. విమానంలో ఉన్న 46 మందిలో 23 మంది బయటికి రాలేకపోయారు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు ఆ మంట ఎలా పుట్టిందో తేల్చలేకపోయింది. అయినా ప్రమాద కారణాలలో నిప్పు తీవ్రతను తక్కువ అంచనా వేయడాన్నీ, నిప్పు పరిస్థితి గురించి కెప్టెన్‌కు పొంతనలేని కబుర్లు అందడాన్నీ స్పష్టంగా రాసింది. నిప్పు స్వభావం అంచనా వేసి దిగాలని నిర్ణయించుకోవడానికి పట్టిన సమయం నష్టాన్ని పెంచిందని కూడా చెప్పింది. మూలం ఏళ్ల తరబడి పరిశోధించినవారికే దొరకలేదు. గాలిలో ఉన్న ఇద్దరు పైలట్లు దాన్ని నిమిషాల్లో కనిపెట్టాకే దారి మళ్లించాలని మనం కోరడం ఎంతవరకు న్యాయం? ఈ ప్రమాదం తర్వాతే టాయిలెట్లలో పొగ పసిగట్టే పరికరాలు, నేల దగ్గర దారి చూపే దీపాలు, సీట్లకు మంట తగలకుండా అడ్డుకునే పొర వచ్చాయి. వస్తువులు మారాయి. "తగ్గింది" అన్న మాట విని ఊపిరి పీల్చుకునే మన గుణం మాత్రం అంతగా మారలేదు.

ఇక స్విస్ఎయిర్ 111. దీని గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు, ప్రతి శిక్షణ గదిలోనూ దీన్ని చెబుతారు. అయితే చెప్పే తీరులో ఒక ముఖ్యమైన సంగతి జారిపోతోందని నా అనుమానం. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా వెళ్తున్న ఆ ఎండీ-11 విమానం కాక్‌పిట్‌లో రాత్రి 10 గంటల 10 నిమిషాలకు వాసన తగిలింది. పైలట్లు దాన్ని ఏసీ వ్యవస్థ నుంచి వచ్చిన పొగగా భావించారు. క్యాబిన్‌లో వాసన లేదని తెలియడంతో ఆ ఊహ బలపడింది. నాలుగు నిమిషాల తర్వాత పాన్ పాన్ పిలుపు (మేడే కంటే ఒక మెట్టు తక్కువ హెచ్చరిక) ఇచ్చి హాలిఫాక్స్ వైపు తిరిగారు. దిగడానికి ఎత్తు ఎక్కువ, ఇంధనం బరువు ఎక్కువ, అందువల్ల కొంత చుట్టుతిరిగి ఇంధనం వదలాలని అనుకున్నారు. 10 గంటల 24 నిమిషాలకు అత్యవసర స్థితి ప్రకటించారు, మరో నిమిషంలో విమాన రికార్డర్లు ఆగిపోయాయి, 10 గంటల 31 నిమిషాలకు విమానం సముద్రంలో పడింది. 229 మంది మరణించారు.

జారిపోతున్న సంగతి ఇది. వాసన తగిలిన క్షణంలోనే వేగంగా దిగడం మొదలుపెట్టినా ఆ విమానం క్షేమంగా హాలిఫాక్స్ చేరగలిగేది కాదని కెనడా బోర్డు తన 2003 నివేదికలో తేల్చింది. దీన్ని పట్టుకుని "కాబట్టి తొందరపడి ప్రయోజనం లేదు" అనేవారిని నేను చూశాను. ఆ తర్కం నాకు తలకిందులుగా కనిపిస్తుంది. అత్యుత్తమమైన నిర్ణయానికి కూడా సమయం చాలని మంటలు ఉన్నాయంటే, ఆ నిర్ణయానికి మనం అదనంగా ఒక్క నిమిషం కూడా చేర్చకూడదని అర్థం. ఈ విమానంలో ఏ రకం మంట పుట్టబోతోందో ముందుగా ఎవరికీ తెలియదు గనుక.

ఆ నివేదికలోనే మరో రెండు విషయాలు మా వృత్తివారికి కంటి మీద కునుకు పట్టనివ్వవు. పైలట్లు చెక్‌లిస్ట్ ప్రకారం క్యాబిన్ బస్ స్విచ్ (క్యాబిన్ విద్యుత్ సరఫరాను ఆపే మీట) ఆపారు. దానితో క్యాబిన్ గాలిని తిరిగి తిప్పే ఫ్యాన్లు ఆగాయి; ఫ్యాన్లు ఆగగానే పైకప్పు పలకల వెనుక గాలి పారే దిశ తిరగబడి, మంట కాక్‌పిట్ వైపు వచ్చింది. రెండోది, మంటకు మూలమని అనుమానించిన వైర్లలో ప్రయాణికుల వినోద వ్యవస్థకు తర్వాత అమర్చిన వైర్లు కూడా ఉన్నాయి, ఆ వినోద వ్యవస్థ మాత్రం అసలు క్యాబిన్ బస్ స్విచ్ కింద లేదు. పైలట్లు క్యాబిన్ విద్యుత్ అంతా ఆపామనుకున్నారు, అది ఆగలేదు. చెక్‌లిస్ట్ అంటే ఊహించిన మంటకు రాసిన జవాబు. ఊహించని మంటకు అది ఎంత శ్రద్ధగా చదివినా జవాబు కాదు. పైగా నాటి స్విస్ఎయిర్ పొగ చెక్‌లిస్ట్ పూర్తి చేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టేది.

ఈ అనుభవం తర్వాతే 2005లో ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ విమాన తయారీదారులు, సంస్థలు, పైలట్ సంఘాలతో కలిసి పొగ, నిప్పు, వాయువులకు ఒక ఉమ్మడి చెక్‌లిస్ట్ నమూనా తెచ్చింది. అందులో దారి మళ్లించవలసి రావచ్చన్న మాట మొదట్లోనే వస్తుంది. పొగను బయటికి పంపే ప్రయత్నం మూలాన్ని అదుపు చేసే పనికి అడ్డు రాకూడదని కూడా ఉంటుంది. మీ మాన్యువల్స్ చాలావరకు ఆ నమూనాను అనుసరించే ఉన్నాయని నాకు తెలుసు, అందుకే నా గొడవ కాగితంతో కాదు.

గొడవ సిమ్యులేటర్ గదితో. సిమ్యులేటర్‌లో పొగ ఎలా వస్తుందో గుర్తుచేసుకోండి. హెచ్చరిక వెలుగుతుంది, తెల్లటి ఆవిరి లేస్తుంది, పైలట్లు మాస్కులు వేసుకుని చెక్‌లిస్ట్ తీస్తారు, నాలుగో అంశమో ఐదో అంశమో చేయగానే శిక్షకుడు బటన్ నొక్కి పొగ ఆపేస్తాడు, ఎందుకంటే ఆ గంటలో ఇంకా ఇంజిన్ ఆగడం, హైడ్రాలిక్ పోవడం కూడా చూపించాలి. ఆరు నెలలకోసారి ఇలా చూసినవారి మనసులో చెక్‌లిస్ట్ చదివితే పొగ పోతుందన్న లంకె పడిపోతుంది. ఆ లంకెను ఎవరూ నేర్పలేదు, అయినా అది అక్కడ ఉంటుంది. నా కోరిక ఏమిటంటే, ఏడాదికి ఒక్కసారైనా, పొగ తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే పాఠం నడపండి. చెక్‌లిస్ట్ పూర్తయ్యాక కూడా పోని పాఠం నడపండి. హెచ్చరిక ఏదీ వెలగకుండా, క్యాబిన్ నుంచి ఒక సందేహపు ఫోను మాత్రమే వచ్చే పాఠం నడపండి. మూలం చివరివరకు తెలియకుండానే పాఠాన్ని రన్‌వే మీద ముగించండి.

సర్క్యూట్ బ్రేకర్ గురించి కొంచెం ఎక్కువగా రాయనివ్వండి, ఇది నా రంగం. బ్రేకర్ వైరును అధిక కరెంటు నుంచి కాపాడటానికి పెట్టినది. వైరు తొడుగు చిట్లి, మెరుపులు మెరిసినట్టు నిప్పురవ్వలు పుట్టే స్థితిలో కరెంటు నిలకడగా పెరగదు; తునకలు తునకలుగా వచ్చిపోతుంది. వేడికి స్పందించే మామూలు బ్రేకర్ ఆ తునకలను పట్టించుకోదు, ఈలోగా రవ్వ దగ్గర వేడి వేల డిగ్రీలు దాటుతుంది. అంటే బ్రేకర్ ట్రిప్ కాలేదు గనుక అంతా బాగుందనే ధీమాకు ఆధారం లేదు. ట్రిప్ అయిన బ్రేకర్ కథ ఇంకా చెడ్డది. పాలీఇమైడ్ జాతి ప్లాస్టిక్ తొడుగు ఉన్న వైర్లలో, ఒకసారి రవ్వ పుట్టిన చోట తొడుగు కాలి బొగ్గవుతుంది. ఆ బొగ్గు కరెంటును పారనిస్తుంది. అక్కడ బ్రేకర్ మళ్లీ నొక్కితే కాలిన దారి పక్క వైరుకు పాకుతుంది, ఆ కట్టలో ఉన్న సంబంధంలేని వ్యవస్థలు కూడా పోతాయి. ఒకే ఒక్కసారి నొక్కి చూద్దాం అన్నవారు ఆ ఒక్కసారితోనే కట్టనంతా కాల్చగలరు.

అందుకే ట్రిప్ అయిన బ్రేకర్‌ను గాలిలో నొక్కరాదు, విమానం క్షేమంగా సాగడానికి ఆ వ్యవస్థ తప్పనిసరి అని కెప్టెన్ నిర్ణయిస్తే ఒక్కసారి మాత్రమే అన్న నియమం వచ్చింది. ఆ నియమం కాక్‌పిట్‌లో చాలావరకు పాటిస్తున్నారు. గ్యాలీలో కాదు. కాఫీ యంత్రం బ్రేకర్ ట్రిప్ అయితే, భోజనాలు వడ్డించే ఒత్తిడిలో ఉన్న సిబ్బంది దాన్ని వేలితో నొక్కి పనిలో పడటం, అది మళ్లీ బయటికి వస్తే మళ్లీ నొక్కడం, విమానం దిగాక ఆ సంగతి ఎవరికీ చెప్పకపోవడం నేను విన్నవాటిలో అరుదైన విషయం కాదు. వారిని తప్పుపట్టలేను; ఇంట్లో ఫ్యూజు పోతే అందరం చేసే పనే అది. గ్యాలీ బ్రేకర్ కూడా కాక్‌పిట్ బ్రేకర్‌తో సమానమేనని, నొక్కేముందు కెప్టెన్‌కు చెప్పాలని, ఓవెన్‌లో భోజనం వేడెక్కకపోయినా తప్పులేదని వారికి మీరు అధికారికంగా చెప్పాలి. చెప్పి, వడ్డన ఆలస్యమైతే వారి పక్షాన నిలబడాలి.

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. విమానంలో దానికి ఎదురు రూపమే ఎక్కువ పనికొస్తుంది: పొగ కనబడకుండానే నిప్పు ఉండగలదు. క్యాబిన్‌లో గాలి పైనుంచి వచ్చి నేల దగ్గరి సందుల గుండా కిందికి దిగి, వెనుక వైపు ఉన్న కవాటం గుండా బయటికి పోతుంది. దానిలో కొంత భాగం ఫ్యాన్ల ద్వారా తిరిగి క్యాబిన్‌లోకి వస్తుంది. కాబట్టి ముందు వరుసలో పుట్టిన వాసన మధ్యలో తగలవచ్చు, ఒక చోట కాలుతున్నది మరో చోట కమ్మవచ్చు, ఒక ఫ్యాను ఆపగానే వాసన మాయం కావచ్చు. ఆ మాయం కావడానికి అర్థం వాసన మోసుకొచ్చే గాలి ఆగిందని మాత్రమే. పొగ రంగును బట్టి ఏం కాలుతోందో చెప్పడం కూడా నమ్మదగిన పద్ధతి కాదు.

క్యాబిన్ సిబ్బంది పలక వెనుక మంట ఉందని అనుమానిస్తే అరచేతితో కాకుండా చేతి వెనుక వైపుతో పలకను తడిమి వేడి చూడాలని నేర్పుతారు. అది మంచి పాఠం. వేడి తగిలిన చోట పలకను సందు చేసి హేలాన్ (మంట ఆర్పే వాయువు) లోపలికి కొట్టాలి, బయట కొడితే లాభం లేదు. ఈ పని నిజమైన పలక మీద, నిజమైన గొడ్డలితో చేసి చూసిన సిబ్బంది ఎంతమంది? శిక్షణలో చాలామందికి దొరికేది బహిరంగంగా మండే చిన్న గ్యాస్ మంట, దాని మీద సిలిండర్ గురిపెట్టే అవకాశం. దాగిన మంటను వెతికే అభ్యాసం అందులో లేదు. విమానం పలకలను పగలగొట్టడానికి చేయి రాదు. ఖరీదైన వస్తువును పాడుచేస్తున్నామన్న సంకోచం అడ్డొస్తుంది. పాత పలకలు కొన్ని శిక్షణ కేంద్రానికి పంపడం మా విభాగాలకు కష్టం కాదు. అడగండి, ఇస్తాం.

క్యాబిన్ నుంచి కాక్‌పిట్‌కు వెళ్లే మాట ఎలా ఉండాలన్నది ఎయిర్ కెనడా విమానం నేర్పిన పాఠమే. "ఏదో వాసన వస్తోంది" అన్నది కబురు కాదు. ఎక్కడ, ఏ వరుస దగ్గర, ఎప్పటినుంచి, పొగ కనిపిస్తోందా, ఎంత చిక్కగా ఉంది, మంట కంటితో చూశారా, ఇప్పటివరకు ఏం చేశారు, ఎన్ని సిలిండర్లు వాడారు అని చెబితే కెప్టెన్‌కు పనికొస్తుంది. తగ్గిందని చెప్పేటప్పుడు "నాకు కనిపించేది తగ్గింది, మూలం చూడలేదు" అని కూడా చేర్చాలి. ఇంకోటి: విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు కాక్‌పిట్‌కు ఫోను చేయకూడదన్న నియమం వల్ల కొందరు వాసన సంగతి కూడా చెప్పకుండా ఆగుతారు. పొగ, నిప్పు, అనుమానపు వాసన ఆ నియమానికి లోబడవని వారికి రాతపూర్వకంగా చెప్పండి.

మాస్కుల గురించి క్లుప్తంగా. పైలట్లు మూలం కోసం చూడకుండా మొదటే మాస్కు వేసుకుని నూరు శాతం ఆక్సిజన్ పెట్టుకోవాలి, కళ్లద్దాలు వేసుకోవాలి, ఒకరి మాట ఒకరికి వినబడుతోందో లేదో సరిచూసుకోవాలి. కొద్దిపాటి వాసనకే మాస్కు ఎందుకన్న మొహమాటం ఇప్పటికీ ఉంది. కాలిన ప్లాస్టిక్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, హైడ్రోజన్ సైనైడ్ క్షణాల్లో తల తిప్పుతుంది. అవసరమైందని తెలిసేలోగా మాస్కు వేసుకునే తెలివి పోవచ్చు. ప్రయాణికుల మాస్కులు మాత్రం పొగకు పనికిరావు. అవి క్యాబిన్ గాలినే ఆక్సిజన్‌తో కలిపి ఇస్తాయి, పైగా బయటికి వచ్చే ఆక్సిజన్ మంటను పెంచవచ్చు. ప్రయాణికులకు తడిగుడ్డ, తల వంచడం, మంటకు దూరంగా జరపడం, ఇవే మార్గాలు.

ఫోన్లు, పవర్ బ్యాంకుల మంటలు వేరే పాఠం, వాటిని విద్యుత్ పొగతో కలపకండి. అక్కడ మూలం చేతిలోనే ఉంటుంది. హేలాన్ మంట ఆర్పుతుంది గానీ బ్యాటరీని చల్లార్చదు, అందుకే వెంటనే నీళ్లు పోస్తూ ఉండాలి, మంచు ముక్కలు మాత్రం వేయకూడదు, ఎందుకంటే అవి వేడిని లోపలే బంధిస్తాయి. సీటు సందులో ఇరుక్కున్న ఫోను కోసం సీటు కదిలించకూడదు. ఈ పాఠం మీ సిబ్బందికి బాగా వచ్చు. నేను చెప్పేది దానివల్ల వచ్చిన ఒక దుష్ఫలితం గురించి. ఈమధ్య వాసన అనగానే అందరి కళ్లూ ప్రయాణికుల సంచుల వైపు వెళ్తున్నాయి. సంచులన్నీ వెతికి ఏమీ లేదని తేల్చేలోపు గోడ వెనుక ఉన్నది పెరుగుతుంది.

దిగడంతో పని అయిపోదు. 1980 ఆగస్టు 19న రియాద్‌లో సౌదియా 163 విమానం మంటతోనే క్షేమంగా నేలకు దిగింది. రన్‌వే మీదే ఆగకుండా పక్కకు తిరిగి వెళ్లింది, ఇంజన్లు ఆపడం ఆలస్యమైంది, లోపలివారు తలుపులు తెరవలేకపోయారు. 301 మందీ మరణించారు. అది సరుకుల గదిలో పుట్టిన మంట, విద్యుత్ నుంచే వచ్చిందని తేలలేదు. కానీ దిగిన తర్వాత "ఇక గేటు దాకా వెళ్దాం" అన్న ఆలోచన ఏ మంట విషయంలోనైనా అంతే ఘోరం. రన్‌వే ఆక్రమించి ఉంచినందుకు వచ్చే విమర్శ కెప్టెన్ మీద పడనీయకండి.

ఇప్పుడు మీరు మాత్రమే మార్చగల విషయం. దారి మళ్లించిన విమానం దిగాక, మూలం చిన్న ఫ్యాను అని తేలితే కెప్టెన్‌ను ఏమని అడుగుతున్నారు? "ఇంకో గంట ఎదురుచూసి ఉంటే గమ్యం చేరేవారు కదా" అన్న ధ్వని ఆ ప్రశ్నలో ఏమాత్రం ఉన్నా, ఆ కబురు సాయంత్రానికి సంస్థలోని ప్రతి పైలట్‌కు చేరుతుంది. అప్పటినుంచి మాన్యువల్‌లో ఏం రాసి ఉన్నా లెక్కలోకి రాదు. మూలం చిన్నదని తేలడం నిర్ణయం తప్పని చూపదు. ఆ నిర్ణయం తీసుకున్న క్షణంలో తెలిసిన సంగతులతోనే దాన్ని తూచాలి. అందువల్ల విచారణలో మొదటి ప్రశ్న "వాసన మొదలైన ఎన్ని నిమిషాలకు తిరిగారు?" అని ఉండాలి. ఇది మీరు ఒక సర్క్యులర్‌తో చేయగల పని, దీనికి కొత్త పరికరం అక్కర్లేదు.

చివరగా మా వైపు సంగతి, ఎందుకంటే నేలమీద మేం సరిగ్గా చేయకపోతే పైన చెప్పినవన్నీ వృథా. విమానం గోడ పలక తీస్తే లోపల కనిపించేది ఇలా ఉంటుంది: వైర్ల కట్ట మీద తివాచీ నుంచీ, దుప్పట్ల నుంచీ రాలిన నూలు దుమ్ము మెత్తటి పొరలా పేరుకుని ఉంటుంది, ఎక్కడో రంధ్రం చేసినప్పుడు రాలిన లోహపు రజను ఆ దుమ్ములో మెరుస్తుంది, కట్టను పట్టి ఉంచే బిగింపు రబ్బరు ఎండి ఊడిపోయి, వైరు లోహపు అంచుకు రాసుకుని, తొడుగు అరిగిన చోట రాగి తళుక్కుమంటుంది. దాని చుట్టూ చిన్న గోధుమరంగు మచ్చ. ఆ మచ్చ పల్చగా, గోరంత ఉంటుంది. వాసన ఎక్కడ వచ్చిందో, అప్పుడు ఏ ఓవెన్లు, ఏ వినోద తెరలు పనిచేస్తున్నాయో తెలియకపోతే ఆ గోరంత మచ్చను వందల అడుగుల వైర్లలో వెతకలేం. అప్పుడు టెక్ లాగ్‌లో "పరీక్షించాం, లోపం కనిపించలేదు" అని రాసి విమానాన్ని వదలుతాం. అదే వాసన మూడు రోజుల తర్వాత వేరే సిబ్బందికి, వేరే పేరుతో వస్తుంది.

కాబట్టి రెండు ఏర్పాట్లు చేయండి. ఒక విమానంలో వాసన ఫిర్యాదు రెండోసారి వస్తే, మొదటిసారి లోపం కనిపించకపోయినా, పలకలు తీసి వైర్లు చూసేవరకు ఆ విమానం ప్రయాణికులతో బయలుదేరకూడదన్న నిబంధన పెట్టండి. గడువు కోసం మీ కంట్రోల్ రూమ్ నుంచి మాకు వచ్చే ఫోన్ల వల్లనే దీనికి రాతపూర్వక అండ కావాలి. రెండోది, పొగ గానీ వాసన గానీ వచ్చిన విమానం దిగినప్పుడు, ఆ వాసన మొదట పసిగట్టిన క్యాబిన్ సిబ్బంది, పైలట్లతో పాటు, హోటల్ బస్సు ఎక్కకముందే ఇంజనీరుతో మాట్లాడేలా డ్యూటీ సమయంలో చోటు కల్పించండి. ట్రిప్ అయిన బ్రేకర్లను వారు అలాగే వదిలిపెట్టాలి. విమానం దగ్గరే నిలబడి, ఇదిగో ఈ సీటు దగ్గర, ఈ ఎత్తులో, ఈ ఓవెన్ వేసిన కొద్దిసేపటికి అని వేలుపెట్టి చూపిస్తే, ఆ పలక విప్పడం దగ్గరే మా పని మొదలవుతుంది.

భవదీయుడు,
ఒక విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు